వేడెక్కితేనే పట్టు

రెండు రబ్బరు బంతులున్నాయనుకోండి. ఒకదాన్ని నేలకేసి కొడితే ఛాతీ ఎత్తుకు ఎగురుతుంది. రెండోది దబ్బున పడి అక్కడే ఆగిపోతుంది. తారు రోడ్డు మీద ర్యాలీ పందెంలో పరుగెత్తే కారుకు ఏ రబ్బరుతో టైరు చేయాలని అడిగితే చాలామంది హుషారుగా ఎగిరేదాన్నే చూపిస్తారు. నిజానికి కావలసింది ఆ బద్ధకపు బంతి.

తారు రోడ్డు దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది కానీ, వంగి చూస్తే అంతా రాతి ముక్కల గుట్టలే. బరువు పడగానే టైరు రబ్బరు ఆ గుట్టల మధ్యకు దిగుతుంది. కారు కాస్త జారడం మొదలుపెట్టగానే ప్రతి రాతికీ ఎదురుగా ఉన్న రబ్బరు గట్టిగా నొక్కుకుంటుంది. రాయి వెనకవైపు రబ్బరు మాత్రం వెంటనే సర్దుకోదు, కొంచెం ఆలస్యం చేస్తుంది. ముందు ఎక్కువ ఒత్తిడి, వెనక తక్కువ ఒత్తిడి. ఆ తేడాయే కారును జారకుండా ఆపే బలం. ఈ ఆలస్యాన్ని హిస్టెరిసిస్ అంటారు. దీనికి తోడు, పొడి రోడ్డు మీద రబ్బరు అణువులు రాతికి నేరుగా అంటుకుని ఊడుతుంటాయి. ఆ పట్టు వేరే. రోడ్డు తడిస్తే అణువుల పట్టు చాలావరకు పోతుంది, అప్పుడు కారు ఎక్కువగా హిస్టెరిసిస్ మీదే ఆధారపడాలి.

ఇంత పనీ జరిగే చోటు ఎంతనుకుంటున్నారు? మనుషులతో కలిపి కారు బరువు 1,400 కిలోలనుకుంటే ఒక్కో చక్రం మీద 350 కిలోలు. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోల ఒత్తిడితో ఉంటే, నేలకు తగిలే భాగం 175 చదరపు సెంటీమీటర్లు. వేళ్లతో సహా చెయ్యి పరిస్తే దాదాపు అంతే. లోయ పక్కన మలుపులో కారును పట్టి ఉంచేవి అలాంటి నాలుగు చేతులు.

చిక్కంతా వేడితోనే. చల్లగా ఉన్న రబ్బరు బిగుసుకుపోయి రాళ్ల మధ్యకు దిగదు. మరీ వేడెక్కితే మెత్తబడి, పై పొర చిట్లుతుంది. కాంపౌండును, అంటే రబ్బరు మిశ్రమాన్ని బట్టి మారుతుంది గానీ, పొడి తారుకు వాడే పోటీ టైర్లు సుమారు 60 నుంచి 100 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తాయి. సర్క్యూట్ రేసుల్లో చాలాచోట్ల టైర్లకు వేడి దుప్పట్లు చుట్టి, ట్రాక్ మీదకు వెళ్లే క్షణంలో తీస్తారు. ర్యాలీలో ఆ పప్పులుడకవు. కార్లను సరిచేసుకునే సర్వీస్ పార్క్ నుంచి స్టేజ్ (సమయం లెక్కపెట్టే పందెపు రోడ్డు ముక్క) దగ్గరికి వెళ్లాలంటే మామూలు జనం తిరిగే రోడ్ల మీద, ట్రాఫిక్ రూల్స్ పాటిస్తూ పదుల కిలోమీటర్లు నడపాలి. ఆ తర్వాత స్టార్ట్ దగ్గర తమను వదిలే నిమిషం కోసం క్యూలో ఆగాలి. ఎంత వేడిచేసి పంపినా ఈలోగా చల్లారిపోతుంది.

అందుకే స్టార్ట్‌కు ముందు డ్రైవర్లు కారును అటూ ఇటూ పాములా తిప్పుతుంటారు. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, దాంతో వేడెక్కేది ఎక్కువగా పైపొరే. నన్నడిగితే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి, గట్టిగా బ్రేక్ వేయడమే మేలు. టైరు ఒళ్లంతా నలుగుతుంది. పైగా బ్రేక్ డిస్కుల వేడి రిమ్ము ద్వారా లోపలి గాలికి చేరుతుంది.

ఆ లోపలి గాలి లెక్క చాలామంది అనుకునేదానికన్నా ఆసక్తిగా ఉంటుంది. పొద్దున 20 డిగ్రీల చలిలో 26 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలి పట్టారనుకుందాం. గేజి చూపించేది బయటి గాలి ఒత్తిడి తీసేసిన అంకె. దానికి 14.7 కలిపితే అసలు ఒత్తిడి 40.7. లోపలి గాలి 80 డిగ్రీలకు చేరితే అది 49 అవుతుంది, అంటే గేజి మీద 34 దాటుతుంది. గాలి ఎవరూ నింపలేదు, రోడ్డే నింపింది. కాబట్టి మెకానిక్ మనసులో పెట్టుకునే అంకె పొద్దున పట్టేది కాదు, స్టేజ్ మధ్యలో ఉండాల్సింది. అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ వస్తాడు.

ఇదే లెక్క ఇంకోలా కూడా దెబ్బ కొడుతుంది. నాలుగు టైర్లూ ఒకేసారి 26 పట్టి గోడవారగా పెట్టారు. రెండింటి మీద ఎండ పడింది, అవి 35 డిగ్రీలకు వచ్చాయి. ఇప్పుడు గేజి పెడితే వాటిలో 28 ఉంటుంది. 'అరె, ఎక్కువైంది' అని రెండు పీఎస్ఐ వదిలేశారో, చల్లారాక ఆ రెండు టైర్లూ మిగతావాటికన్నా తగ్గిపోతాయి. కారు ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా తిరుగుతుంది. డ్రైవరేమో సస్పెన్షన్‌ని తిట్టుకుంటాడు. తెలిసినవాళ్లు టైర్లను నీడలో పెట్టి, గాలితో పాటు టైరు ఉష్ణోగ్రత కూడా రాసుకునేది ఇందుకే.

నైట్రోజన్ పడితే ఈ బాధ ఉండదని చెప్పేవాళ్లుంటారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. రెండూ వేడికి ఒకేలా వ్యాకోచిస్తాయి. తేడా తెచ్చేది తేమ. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు టైరులోకి వెళ్తే, వేడికి ఆవిరై ఒత్తిడిని లెక్కకు మించి పెంచుతాయి. పొడి గాలైతే చాలు.

మరి తక్కువ గాలితో బయలుదేరితే టైరు బాగా నలిగి త్వరగా వేడెక్కుతుంది కదా? వేడెక్కుతుంది. కానీ తారు ర్యాలీలో డ్రైవర్లు మలుపు లోపలి అంచును కోసుకుంటూ రోడ్డు దిగి ఎక్కుతారు. ఆ అంచున రాయో, సిమెంటు గట్టో ఉంటే, గాలి తక్కువున్న టైరు రాతికీ రిమ్ముకీ మధ్య నలిగి చీలుతుంది. చక్రంతో కలిపి సుమారు 20 కిలోలుండే స్టెప్నీని ఒకటి మోయాలా, రెండు మోయాలా అన్న తర్జనభర్జన ఇక్కడే మొదలవుతుంది.

కారు స్టేజ్ ముగించాక టైరు ఎలా పనిచేసిందో తెలుసుకోవడానికి సన్నటి సూది ఉన్న థర్మామీటర్ వాడతారు. సూదిని రబ్బరులోకి కొన్ని మిల్లీమీటర్లు గుచ్చి లోపలి అంచు, మధ్య, బయటి అంచు అని మూడు చోట్ల కొలుస్తారు. పైపైన కొలిస్తే లాభం లేదు, పై పొర నిమిషాల్లో చల్లారుతుంది. రెండు అంచులకన్నా మధ్యలో వేడెక్కువుంటే గాలి ఎక్కువైనట్టు. అంచులే వేడిగా ఉంటే తక్కువైనట్టు. లోపలి అంచు ఒక్కటే కాలిపోతుంటే చక్రం పైభాగం లోపలికి మరీ ఎక్కువ వంగి ఉందని అర్థం. దాన్ని క్యాంబర్ అంటారు. మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు నేలకు చదునుగా ఆనడానికి కొంత వంపు ఉండాల్సిందే, శ్రుతి మించకూడదు.

వాన పడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లు టైరును చల్లబరుస్తాయి, ఒత్తిడి అంతగా పెరగదు, కాబట్టి మొదట్లోనే కాస్త ఎక్కువ పట్టుకోవాలి. 1960లలో నాసా ఇంజనీర్లు విమానాల టైర్ల మీద చేసిన పని నుంచి ఒక సూత్రం వచ్చింది. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందని. ఆ లెక్కన 26 పీఎస్ఐకి గంటకు సుమారు 85 కిలోమీటర్లు, 34కి 97. గాడులున్న కారు టైరుకు ఈ అంకెలు అచ్చంగా వర్తించవు గానీ, ధోరణి అదే. వాన టైరుకు రబ్బరు మెత్తన, గాడులు లోతు. రోడ్డు ఆరిందా, ఆ రబ్బరు దిమ్మలు ఊగిఊగి కాగిపోయి ముక్కలుగా రాలతాయి.

వాన లేకపోయినా తడి, మట్టి తప్పవు. ముందు వెళ్లిన కార్లు మలుపులు కోసుకుంటూ పొలం మట్టిని రోడ్డెక్కిస్తాయి. కంకర ర్యాలీలో మొదట వెళ్లే కారు రోడ్డు ఊడ్చి నష్టపోతుంది. తారు మీద మొదటివాడికే శుభ్రమైన రోడ్డు, పదోవాడికి బురద.

వీటన్నిటికీ పరాకాష్ఠ మాంటీకార్లో ర్యాలీ. జనవరి నెల, ఆల్ప్స్ కొండలు. సముద్రతీరం నుంచి 1,607 మీటర్ల ఎత్తున్న కోల్ ద ట్యూరినీ కనుమ పైకి వెళ్లేసరికి ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పడిపోతుంది. ఒకే స్టేజ్‌లో ఎండిన తారు, నీడ మలుపులో గాజులాంటి మంచు పలక, పైన గుల్ల మంచు. ప్రతి జట్టుకూ ముందే వెళ్లి మంచు ఎక్కడుందో రాసుకొచ్చే మనుషులుంటారు. కానీ వాళ్లు చూసి వచ్చాక, స్టేజ్ మొదలయ్యేలోగా ఎండ కాయవచ్చు, మబ్బు పట్టవచ్చు. అందుకే అక్కడ కొందరు నాలుగు చక్రాలకూ ఒకే టైరు వేయరు. ముందు కుడికీ వెనక ఎడమకీ మేకుల టైరు, మిగతా రెంటికీ తారు టైరు. మంచు మీద ఏ ఇరుసు చూసినా ఒక్క చక్రమే కరుస్తుంది. ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా కారు లాగుతుంది. ఎండిన తారు మీదేమో మేకుల టైరు నిలకడ లేకుండా ఊగుతుంది, మేకులు ఒక్కొక్కటే ఊడిపోతాయి. స్టేజ్ చివరికి వచ్చేసరికి ఎన్ని మిగిలాయో వంగి లెక్కపెట్టుకుని, పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే కో-డ్రైవర్ తర్వాతి స్టేజ్‌కి స్టెప్నీ వేయాలో వద్దో చూసుకుంటాడు.