మానేశాక దగ్గెందుకు ఎక్కువైంది?

మా మేనమామది టంగుటూరు పక్క పల్లె. వర్జీనియా పొగాకు పండిస్తాడు, సిగరెట్టూ తాగుతాడు. మొన్న సంక్రాంతికి మానేశాడు. మూడో వారంలో బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కాడ నుంచి ఫోను: "ఏందిరా, తాగేటప్పుడే బాగుండె. మానేసినాక దగ్గు ఎక్కువైంది, కళ్ళె పడతా ఉంది. ఆ పొగే లోపల శుభ్రం చేసేదేమో!" నాలుగు రోజులకి మళ్ళీ వెలిగించాడు. ఒంగోలు టీ బంకుల దగ్గర ఈ మాట చాలామంది నోట విన్నాను.

ఇందులో తమాషా ఏంటంటే బ్యారన్‌లో ఆకుకి పొగ తగలనివ్వడు మా మామ. పొయ్యి వేడి ఇనుప గొట్టాల్లో లోపల తిరుగుతుంది, పొగ మాత్రం గొట్టంలోంచే బయటికి పోవాలి. గొట్టానికి చిల్లు పడితే ఆకు పాడవుతుందని టెన్షన్. ఆకుకి చేసిన ఆ జాగ్రత్త తన ఊపిరితిత్తులకి లేదు.

సరే, ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి, ఇదంతా బడిలో బట్టీ పట్టిందే, వదిలేద్దాం. లోపల పడిన దుమ్మును బయటికి ఎవరు మోస్తారో మాత్రం నాకు ఏ మాస్టారూ చెప్పలేదు, అసలు సంగతి అదే.

స్లాబు పోసే రోజు గుర్తు చేసుకోండి. కింద కాంక్రీటు కలుపుతుంటారు, పరంజా మీద మెట్టుకొకరు నిలబడి తట్టను చేతులు మారుస్తూ పైకి పంపుతారు. మనుషులు ఉన్నచోటే ఉంటారు, తట్ట ఎక్కుతుంది. శ్వాసనాళాల లోపలి గోడ అచ్చం ఇంతే. అక్కడ ఒక్కో కణానికి దాదాపు 200 సన్నని నూగులాంటి పోగులుంటాయి, సీలియా అంటారు, పొడవు మిల్లీమీటరులో 150వ వంతు. సెకనుకు 10 నుంచి 15 సార్లు ఊగుతాయి, అన్నీ ఒకేసారి కాదు, గాలికి వరిచేలో అల లేచినట్టు ఒకదాని వెనక ఒకటి. వాటి పైన జిగురు పొర, అదే మన కళ్ళె, దుమ్మూ సూక్ష్మజీవులూ దానికి అంటుకుంటాయి. జిగురు కింద పల్చటి నీటి పొర. సీలియా నిటారుగా లేచి కొనతో జిగురును నెడుతుంది, వెనక్కి మళ్ళేటప్పుడు ఒంగి నీళ్ళలోంచి వస్తుంది, లేకపోతే తను తోసిందాన్ని తనే వెనక్కి లాక్కొచ్చేది! కూలీ తట్ట పైకి అందించి, ఖాళీ చేతులతో ఒంగి కిందివాడి తట్ట అందుకున్నట్టు. నిమిషానికి సుమారు 5 మిల్లీమీటర్ల లెక్కన, 11 సెంటీమీటర్ల గాలిగొట్టం ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. గొంతుదాకా వచ్చిందాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం.

ఇప్పుడు పొగ. అందులోని అక్రోలీన్, హైడ్రోజన్ సయనైడ్ లాంటివి తగిలితే సీలియా మందగిస్తాయి, అంటే కూలీలు సొమ్మసిల్లారు. ఏళ్ళ తరబడి తాగితే అవి పొట్టిబడతాయి, కొన్నిచోట్ల ఆ కణాలే పోయి చర్మంలాంటి చదునైన కణాలు వస్తాయి, అంటే పరంజాకి మెట్లే లేవు. పైగా జిగురు చేసే గోబ్లెట్ కణాలు పెరుగుతాయి, కింద కాంక్రీటు కలిపే మిల్లర్ ఆగకుండా తిరుగుతోంది, మోసేవాడు లేడు. ఇక మిగిలిన దారి దగ్గు, మేస్త్రీ కింద నుంచి తట్టను పైకి విసిరేయడం. పొగ, దగ్గు పుట్టించే నరాలను కూడా మొద్దుబారుస్తుంది, మామకి "బాగుండింది" అందుకే.

మానేస్తే ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గిపోతుంది. నరాలు మేలుకుంటాయి. సీలియా కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. కూలీలు పనిలోకి వచ్చారు, ముందు పేరుకున్న కుప్ప ఎత్తాలి కదా, ఆ దగ్గే ఇది. అందరికీ రాదు. వస్తే మాత్రం మళ్ళీ వెలిగించొద్దు. కళ్ళెలో రక్తం కనబడినా, ఒళ్ళు తగ్గిపోతున్నా, నెలలు గడిచినా తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నాకు భలే నచ్చింది. మానేసినవాళ్ళ శ్వాసనాళాల్లో కొన్ని కణాల డీఎన్ఏ, కొందరిలో 40 శాతం దాకా కణాలది, ఎప్పుడూ తాగనివాళ్ళ కణాల్లాగే కనబడింది. పాడైన కణాలు బాగుపడటం కాదు, ఎక్కడో దెబ్బ తప్పించుకున్నవి పెరిగి ఆ చోటు నింపుతున్నాయని వాళ్ళ అంచనా.

గాలితిత్తుల సంగతి వేరు. ఊపిరితిత్తుల చివర్లో బుడగల్లాంటి ఈ చిన్న సంచులు 48 కోట్ల దాకా ఉంటాయి, అక్కడ సీలియా లేవు. పొగకి తరలివచ్చే తెల్లరక్తకణాలు వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైము వాటి గోడల సాగుడు గుణాన్ని తినేస్తుంది. పోయిన గోడ తిరిగి రాదు. మానేస్తే ఇకమీదట జరిగే నష్టం నెమ్మదిస్తుంది, అంతే. రోజూ నడిస్తే ఉన్న ఊపిరితో ఎక్కువ పని చేయించుకోవచ్చు.

బెల్లం తింటే ఊపిరితిత్తులు కడిగేస్తుందని నెల్లూరు రైస్ మిల్లుల్లోనూ విన్నాను, వాట్సాప్‌లోనూ చదివాను. బెల్లం పోయేది పొట్టలోకి, దుమ్ముండేది పక్క గొట్టంలో. మానడానికి సాయం కావాలంటే 1800-112-356కి ఫోను చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం.

మామ ఉగాదికి మళ్ళీ మానేశాడు. నిన్న ఫోను చేస్తే దగ్గుతూనే ఎత్తాడు. ఎట్టా ఉంది మామా అన్నాను. "తట్టలు మోస్తా ఉన్నార్లేరా" అన్నాడు.