ఫోన్ తిప్పలేని వాళ్ల కోసం వచ్చిన నియమం

కోనసీమలో కొబ్బరి చెట్టు మీంచి జారిపడి, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న దింపు కార్మికుడికి ఫోన్ చేతిలో నిలవదు. మంచం పట్టెకో, వీల్‌చైర్ చేతికో బిగించిన స్టాండులో పెట్టుకుని వాడుకోవాలి. స్టాండు అడ్డంగా ఉంటే ఫోనూ అడ్డమే. పింఛను వివరాలు చూద్దామనో, సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెడదామనో తెరిచిన యాప్ నిలువుకి మాత్రమే లాక్ చేసి ఉంటే, అక్షరాలన్నీ పక్కకు పడుకుని కనిపిస్తాయి. ఇంట్లో ఎవరో ఒకరు పని మానుకుని వచ్చి స్టాండు తిప్పాలి.

వెబ్ అందరికీ అందాలని, వెబ్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు 1999లో మొదటిసారి, 2008లో రెండోసారి వచ్చాయి. రెండింట్లోనూ స్క్రీన్ దిశ గురించి నియమం లేదు. అప్పట్లో వెబ్ అంటే బల్ల మీది కంప్యూటరే, దాన్ని తిప్పే పని ఎవరికి? ఐఫోన్ 2007లోనే వచ్చినా, ఎలా పట్టుకుంటే అలా తిరిగే తెర జనానికి మామూలైపోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

తెర తిరగడం వాడేవాళ్లకు సుఖం, ప్రోగ్రామర్లకు తలనొప్పి. ఫోన్ తిప్పగానే ఆండ్రాయిడ్ మామూలుగా ఆ తెరను మూసేసి మళ్లీ మొదటి నుంచి కడుతుంది. ముందే జాగ్రత్త పడకపోతే సగం నింపిన ఫారం ఖాళీ అయిపోతుంది. రెండు దిశల్లోనూ డిజైన్ సరిచూడాలి, రెండు దిశల్లోనూ టెస్టింగ్ చేయాలి. అదే యాప్ మేనిఫెస్ట్‌లో, అంటే యాప్ ఎలా నడవాలో సిస్టమ్‌కి చెప్పే ఫైలులో, పోర్ట్రెయిట్ (నిలువు) అని ఒక్క మాట రాస్తే టెన్షన్ ఉండదు. చాలామంది రాసేశారు. దీన్ని డిజైన్ నిర్ణయం అంటారు గానీ, ఎక్కువసార్లు ఇది పని ఎగ్గొట్టడమే.

మొబైల్‌కి ఈ మార్గదర్శకాలు ఎలా వర్తిస్తాయో చెబుతూ డబ్ల్యూ3సీ 2015లో విడుదల చేసిన ముసాయిదాలో స్క్రీన్ దిశ గురించి ప్రస్తావన వచ్చింది. 2018 జూన్ 5న వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.1లో అది 1.3.4 నంబరుతో, ఏఏ స్థాయి (మూడు స్థాయిల్లో మధ్యది) నియమంగా నిలబడింది. తప్పనిసరి అయితే తప్ప, కంటెంట్‌ను నిలువుకో అడ్డానికో కట్టిపడేయకూడదన్నది దాని సారం. తప్పనిసరి అంటే ఏమిటో ఉదాహరణలూ ఇచ్చారు: బ్యాంకు చెక్కు, పియానో యాప్, ప్రొజెక్టర్‌పై వేసే స్లైడ్లు. పింఛను ఫారం ఇందులోకి రాదు, ఎంత లాగినా రాదు. ‘దయచేసి మీ ఫోన్‌ను తిప్పండి’ అని మెసేజ్ పెట్టి ఊరుకోవడాన్ని కూడా ఉల్లంఘనగానే లెక్కగట్టారు. తిప్పలేని మనిషికి ఆ మర్యాద ఎందుకు?

అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటో రొటేట్ ఆపుకోవడం వాడేవాళ్ల ఇష్టం. పక్కకు తిరిగి పడుకుని చదివేవాళ్లకు అది కావాలి కూడా. నియమం అడ్డుకునేది యాప్ తనంతట తాను వేసే తాళాన్నే.

వీల్‌చైర్ వాడేవాళ్లతోనే ఈ సంగతి తీరిపోదు. చూపు మందగించిన పెద్దవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. మన తెలుగులో మాటలు పొడుగు. ‘కులధ్రువీకరణపత్రం’ లాంటిది పెద్ద అక్షరాల్లో నిలువు తెర మీద ఒక వరసలో పట్టదు, విరిగి కిందికి జారుతుంది. అడ్డంగా తిప్పితే పడుతుంది. భూమి రికార్డుల పట్టికలకీ అంతే. చేపల చెరువు గట్టు మీద నిలబడి సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతాదారు పేరు ఒకే వరసలో చూడాలనుకునే భీమవరం రైతుకు ఏ వైకల్యమూ లేకపోయినా అడ్డం తెరే సుఖం.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. డిజిటల్ సేవలు అందరికీ అందాలని 42వ సెక్షన్ చెప్పింది. స్క్రీన్ దిశ లాంటి వివరాలు మాత్రం ప్రమాణాల దారిలో చేరాయి: డిజిటల్ సేవలు వికలాంగులకు అందేలా చూసే భారతీయ ప్రమాణం ఐఎస్ 17802ను 2023లో ఆ చట్టం కింది నిబంధనల్లో చేర్చారు, అదే ఏడాది వచ్చిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకం జీఐజీడబ్ల్యూ 3.0 డబ్ల్యూసీఏజీ 2.1 ఏఏ స్థాయిని తీసుకుంది. ఈ నిబంధనలు పాటించినా పాటించకపోయినా ఫర్వాలేదన్నట్టు సలహాల రూపంలో ఉండటం చట్టానికి విరుద్ధమని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చి, తప్పనిసరి నిబంధనలు రాయడానికి మూడు నెలల గడువిచ్చింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అమలాపురంలో సచివాలయ సేవలకు వాడే ప్రభుత్వ యాప్‌ని ఈ తీర్పుల వెలుగులో చూడాలి, దాన్ని కొనే అధికారి టెండరులో పెట్టాల్సిన షరతులనూ చూడాలి.

కోర్టులే కాదు, ఫోన్ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలూ కొంత కదిలాయి. ఆండ్రాయిడ్ 16 నుంచి, దానికి తగ్గట్టు రాసిన యాప్‌లు ట్యాబ్‌ల్లాంటి పెద్ద తెరల మీద దిశ తాళం వేస్తే సిస్టమ్ పట్టించుకోదు. ఆటలకు మినహాయింపు ఉంది. మామూలు ఫోన్లకు మాత్రం పాత పద్ధతే. అక్కడ మేనిఫెస్ట్‌లో ఆ ఒక్క మాట తీసేయాల్సింది ఇప్పటికీ యాప్ రాసినవాళ్లే.