హోజా అల్బేనియాలో మనస్సాక్షి: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ఐరోపా చరిత్ర చెప్పేవాళ్ళకు ఆగ్నేయ ఐరోపాలోని చిన్న దేశం అల్బేనియా ఒక చిక్కు పాఠం. సిలబస్‌లో దానికి దక్కేది నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్ల మీద జరిగే గొడవ మాత్రం నలభై పేజీల రష్యా విప్లవం మీద కూడా జరగదు. "దేవుణ్ణి కాదన్న దేశం గతి అంతే" అని ఒకరంటారు. "చదువు, కరెంటు ఇచ్చిన ప్రభుత్వాన్ని ఆడిపోసుకోకండి" అని ఇంకొకరు లేస్తారు. ఇద్దరూ మాట్లాడేది అల్బేనియా గురించి కాదని, మన ఊరి రాజకీయాల గురించని ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ముందు నాలుగు ముక్కల్లో సంగతి. ఎన్వర్ హోజా నాయకత్వంలోని కమ్యూనిస్టు గెరిల్లాలు (పార్టిజాన్లు) 1944 నవంబరులో అధికారంలోకి వచ్చారు. హోజా 1985 ఏప్రిల్‌లో చనిపోయేదాకా దిగలేదు. దేశంలో ఎక్కువమంది ముస్లింలు, వాళ్ళలో బెక్తాషీ అనే సూఫీ శాఖవాళ్ళు కూడా ఉన్నారు. ఆ తర్వాత ఆర్థడాక్స్ క్రైస్తవులు. ఉత్తరాన ష్కోడర్ చుట్టుపక్కల క్యాథలిక్కులు. 1967లో అన్ని మతాలనూ ఒకేసారి మూసేశారు. ఇక్కడి నుంచి అపోహలు మొదలు.

అపోహ: మసీదులు, చర్చిలు ప్రజలే మూసేశారు. ప్రభుత్వం బలవంతం చేయలేదు.

ఇది పాలకులు చెప్పుకున్న కథ. పూర్తిగా అబద్ధమూ కాదు, అందుకే ఇన్నాళ్ళు నిలిచింది.

1967 ఫిబ్రవరి 6న హోజా ఒక ప్రసంగం చేశాడు. వెంటనే డుర్రెస్ రేవు పట్టణంలో ఒక హైస్కూలు పిల్లలు మతం మీద ఉద్యమం మొదలెట్టినట్టు పత్రికలు రాశాయి. అక్కడి నుంచి ఊరూరా పాకింది. అప్పట్లో అల్బేనియాకు ఉన్న ఒకే ఒక్క పెద్ద దోస్తు చైనా. అక్కడ పాత ఆచారాలను తుడిచిపెట్టాలన్న సాంస్కృతిక విప్లవం ఉధృతంగా నడుస్తోంది. ఆ వాసన ఇక్కడా కొట్టింది. ఆ సంవత్సరం మూసేసిన ప్రార్థనా స్థలాలు, మఠాలు అన్నీ కలిపి 2,169 అని పాలకుల వైపు పత్రికే గర్వంగా లెక్క చెప్పింది. నవంబరులో మత సంస్థలకు అంతవరకూ ఉన్న చట్టబద్ధత కూడా రద్దయింది.

ఆ పిల్లల్లో నిజంగా నమ్మి దూకినవాళ్ళు లేరా? ఉన్నారు. ఆ ఉద్యమంలోనే బాల్య వివాహాల మీద, ముసుగు మీద, ఆడపిల్లను ఇంటికి కట్టేసే ఆచారాల మీద కూడా పోరాటం నడిచింది. ఒక పదిహేడేళ్ళ అమ్మాయికి అది విముక్తిలా కనిపించి ఉంటే ఆమెను తప్పుపట్టలేం.

కానీ వద్దన్నవాడి సంగతేమిటి? దీనికి 'మెరుపు కాగితం' అని పిలిచే ఒక పద్ధతిని చూడాలి. ఒక మనిషి పేరు రాసి, అతని తప్పు ఫలానా అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, అతను పనిచేసే చోట గోడకు అంటించేవారు. రాసింది పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషే కావచ్చు. పేరు పడినవాడు అందరి ముందూ జవాబు చెప్పుకోవాలి, తప్పు ఒప్పుకోవాలి. ఊరుకుంటే అది ఇంకో తప్పు. పది మంది చూస్తుండగా చెయ్యెత్తమంటే ఎత్తని చెయ్యి ఎవరిదో లెక్కపెట్టే చోట, "ప్రజలే చేశారు" అన్న మాటకు విలువెంత?

అపోహ: రాజ్యాంగంలో స్వేచ్ఛ అని రాసి ఉంటే చాలు.

1946 అల్బేనియా రాజ్యాంగంలోని ఒక అధికరణం పౌరులందరికీ మనస్సాక్షి స్వేచ్ఛ, విశ్వాస స్వేచ్ఛ ఉన్నాయని హామీ ఇచ్చింది. ఆ అధికరణం అమల్లో ఉండగానే క్యాథలిక్ మతాధికారులను కాల్చి చంపారు. 1967లో ప్రార్థనా స్థలాలన్నీ మూసేసిన రోజుల్లోనూ అది పుస్తకంలో అలాగే ఉంది. 1976 రాజ్యాంగం మాత్రం కుండబద్దలు కొట్టింది. రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని, నాస్తిక ప్రచారాన్ని బలపరుస్తుందని 37వ అధికరణం అంది. మత సంస్థ పెట్టడమే నిషిద్ధమని 55వ అధికరణం తేల్చింది.

పరీక్షలో అడగరు గానీ, సోవియట్ ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. 1936 స్టాలిన్ రాజ్యాంగం 124వ అధికరణం పౌరులకు రెండు స్వేచ్ఛలు ఇచ్చింది: మతారాధన చేసుకునే స్వేచ్ఛ, మతానికి వ్యతిరేకంగా ప్రచారం చేసే స్వేచ్ఛ. రెండూ పక్కపక్కన చదవండి. ఒకడికి గుడిలో దండం పెట్టుకునే హక్కు, ఇంకొకడికి వీధిలో మైకు పట్టుకునే హక్కు. మన 25వ అధికరణంలో మనస్సాక్షి స్వేచ్ఛతో పాటు ఆచరణ, ప్రచారం కూడా ఎందుకు చేర్చారో ఇది చూస్తే అర్థమవుతుంది.

అపోహ: నష్టపోయింది మతం ఉన్నవాళ్ళే. మిగతావాళ్ళకు ఇబ్బంది లేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా హాని చేసే అపోహ ఇదే. మనస్సాక్షి స్వేచ్ఛ అంటే భక్తుల వ్యవహారమని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు.

మతం వైపు కథలు తెలిసినవే. ష్కోడర్ ప్రాంతపు క్యాథలిక్ పాదిరి ఎర్నెస్ట్ సిమోనిని 1963 క్రిస్మస్ ముందు రాత్రి పూజ ముగించగానే పట్టుకెళ్ళారు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఆత్మశాంతికి ప్రార్థన చేశాడన్నది ఆరోపణల్లో ఒకటి. ఉరిశిక్ష వేసి, దాన్ని శిబిరాల్లో కఠిన శ్రమ శిక్షగా మార్చారు. శిబిరాల నుంచి బయటికొచ్చాక కూడా ష్కోడర్ మురుగు కాలువల్లో పని చేయించారు. పోప్ ఫ్రాన్సిస్ 2016లో ఆయన్ను కార్డినల్‌ను చేశారు. ష్టెఫెన్ కుర్తి అనే ఇంకో పాదిరిని, రహస్యంగా ఒక బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినందుకు 1970ల మొదట్లో కాల్చి చంపారు. సున్నీ మత పెద్ద హాఫిజ్ సబ్రి కోచి ఇరవై ఏళ్ళకు పైగా జైల్లో మగ్గాడు.

ఇప్పుడు రెండో వైపు. ఫాతోస్ లుబొన్యా రాజధాని టిరానాలో భౌతికశాస్త్రం చదివిన కుర్రవాడు. తండ్రి తోది లుబొన్యా ప్రభుత్వ రేడియో టెలివిజన్ అధిపతి, పార్టీ పెద్దల్లో ఒకడు. 1972 డిసెంబరులో టీవీలో ప్రసారమైన పాటల పోటీలో ఆధునిక పోకడలు మితిమీరాయని హోజాకు కోపం వచ్చింది. తండ్రి పదవి పోయింది, ఆ తర్వాత జైలు. 1974లో కొడుకు వంతు. చేసిన నేరం? డైరీ రాసుకోవడం. బంధువుల ఇంటి అటక మీద దాచిన ఆ డైరీల్లో హోజా మీద విమర్శలు దొరికాయి. ప్రభుత్వ వ్యతిరేక ప్రచారం చేశాడని శిక్ష వేశారు. అచ్చు వేయలేదు, పంచలేదు, ఎవరికీ చదివి వినిపించలేదు. అటక మీద కట్టగట్టిన నోటు పుస్తకాలు ఎవరికి ప్రచారం చేస్తాయో కోర్టు చెప్పలేదు. జైల్లో ఉండగానే ఇంకో కేసు పెట్టి శిక్ష పెంచారు. మొత్తం పదిహేడేళ్ళు.

అతన్ని ఉంచిన చోట్లలో స్పాచ్ ఒకటి. కొండల నడుమ రాగి, పైరైట్ గనుల్లో రాజకీయ ఖైదీలతో తవ్వించే శిబిరం అది. 1973 మేలో అక్కడి ఖైదీలు తిరగబడి జాతీయ జెండా ఎగరేశారు, అందులోంచి కమ్యూనిస్టు నక్షత్రం తీసేసి. వెంటనే నలుగురిని కాల్చి చంపారు.

ఇంకా పైకి వెళ్దాం. హోం మంత్రి కోచి జోజె, 1949లో మరణశిక్ష. రక్షణ మంత్రి బెకీర్ బల్లుకు, 1975లో మరణశిక్ష. ఇరవై ఏడేళ్ళు ప్రధానిగా ఉన్న మెహ్మెత్ షేహు 1981లో ఆత్మహత్య చేసుకున్నాడని ప్రకటించారు, ఆ తర్వాత అతను విదేశీ గూఢచారి అన్నారు. వీళ్ళెవరూ పూజలు చేసినవాళ్ళు కారు. వీళ్ళలో కొందరు తమ వంతు వచ్చేదాకా ఇతరులను జైళ్ళకు పంపినవాళ్ళే. జాలి పడాలా వద్దా అన్నది మీ ఇష్టం. పార్టీ సభ్యత్వ కార్డు మనస్సాక్షికి రక్ష కాలేదన్నది మాత్రం చరిత్ర.

ఈ రెండు వైపులూ కలిసే చిన్న సంగతి ఒకటి. మరియే కలేతా అనే వృద్ధ సన్యాసిని పోప్ ముందు చెప్పింది. దారిలో ఒక తల్లి ఆపి, తన బిడ్డకు బాప్తిస్మం ఇవ్వమని బతిమాలిందట. ఆ తల్లి భర్త కమ్యూనిస్టు. సన్యాసినికి భయం వేసింది, నీళ్ళు పట్టడానికి చేతిలో గిన్నె కూడా లేదు. ఆ తల్లి వదలలేదు. చివరికి సన్యాసిని కాలి ప్లాస్టిక్ చెప్పు విప్పి, దాంతో కాలవ నీళ్ళు పట్టి, అక్కడే కానిచ్చింది. ఆ ఇంట్లో భార్య ఏమనుకుంటోందో భర్తకు చెప్పలేదు. భర్త ఏమనుకునేవాడో, పాపం, అతను ఎవరికి చెప్పుకోవాలి?

అపోహ: నాస్తికులకైనా అది స్వర్గమే.

విజయవాడ వాళ్ళకు ఈ అపోహ తొలగించడం తేలిక. గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని పటమటకు తెచ్చారు. సేవాగ్రాంలో గాంధీగారి ఎదుట కూర్చుని దేవుడి మీద నమ్మకం అక్కర్లేదని వాదించారు. నచ్చినవాళ్ళు విన్నారు, నచ్చనివాళ్ళు తిట్టి వెళ్ళారు. అల్బేనియాలో గోరా గారి లాంటి మనిషికి చోటు లేదు. అక్కడ పార్టీ గొడుగు కిందికి రాని ఏ సంఘానికీ మనుగడ లేదు, అది నాస్తిక సంఘమైనా సరే. 1973లో ష్కోడర్‌లో నాస్తికత్వానికి మ్యూజియం తెరిచారు. అదే ఊళ్ళో క్యాథలిక్ కెథెడ్రల్‌ను ఆటల హాలు చేశారు. దేవుణ్ణి తీసేసిన చోట మనిషి సొంత ఆలోచనను కూర్చోబెట్టలేదు, హోజా బొమ్మను పెట్టారు. హేతువాదులమని చెప్పుకునే మిత్రులు ఈ పాలనను వెనకేసుకొస్తుంటే నాకు ఆశ్చర్యం వేస్తుంది.

అపోహ: ఇదంతా మాస్కో ఆడించిన ఆట.

కాదు. హోజా 1948లో యుగోస్లావియాతో, 1961లో సోవియట్ యూనియన్‌తో, 1978లో చైనాతో తెగతెంపులు చేసుకున్నాడు. 1967 నాటికి మాస్కో నుంచి అతనికి చెప్పేవాడే లేడు. అదే కాలంలో కమ్యూనిస్టు పోలండ్‌లో చర్చిలు ఆదివారాలు కిక్కిరిసి ఉండేవి.

అపోహ: ఆ పాలనను విమర్శిస్తే చదువునూ కరెంటునూ కాదన్నట్టే. వామపక్షాలన్నిటినీ తిట్టినట్టే.

చదువు, కరెంటు నిజాలే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అల్బేనియాలో పది మందిలో ఎనిమిది మందికి అక్షరం ముక్క రాదు. దేశానికి రైలు లేదు. యుద్ధం తర్వాత అందరికీ బడి వచ్చింది, మలేరియా పోయింది, 1957లో టిరానాలో విశ్వవిద్యాలయం వచ్చింది, 1970 నాటికి ఊళ్ళన్నిటికీ కరెంటు వచ్చింది. వీటిని దాచి అల్బేనియా పాఠం చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. 1991 ఫిబ్రవరి 20న టిరానా నడిబొడ్డున హోజా విగ్రహాన్ని జనం పడగొట్టారు. నెలన్నర తిరక్కముందే జరిగిన మొదటి బహుళపక్ష ఎన్నికల్లో గెలిచింది మాత్రం హోజా పార్టీయే. పల్లెలు దానికే ఓటేశాయి. ఈ రెండు సంగతుల్ని కలిపి వివరించలేని వాదన ఏ వైపుదైనా సగం వాదనే.

నా అభ్యంతరం వేరు. కరెంటు వచ్చిందా అన్నది ఒక ప్రశ్న. డైరీ రాసుకోనిచ్చారా అన్నది ఇంకో ప్రశ్న. రెండోది అడిగినవాడికి మొదటిదాని జవాబు చెప్పి కూర్చోబెట్టడం తప్పు. కరెంటు స్తంభాలు పాతడానికి డైరీ రాసుకున్న లుబొన్యాను గనిలోకి పంపాల్సిన పని ఏమిటో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఇక వామపక్షాల మాట. ముసినే కోకలారి రచయిత్రి, సోషల్ డెమొక్రాట్. 1946లో ఇరవై ఏళ్ళ శిక్ష వేశారు, జైలు తర్వాత కూడా 1983లో చనిపోయేదాకా సొంత ఊరికి దూరంగా దేశంలోనే నిర్బంధంలో ఉంచారు. ఆమె వామపక్షం కాదా? మన దగ్గర 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారు నల్లగొండలో జనం ముందు నిలబడి, నెహ్రూ కన్నా ఎక్కువ ఆధిక్యంతో పార్లమెంటుకు వెళ్ళారు. అల్బేనియాలో 1982 ఎన్నికల్లో దేశమంతటా వ్యతిరేకంగా పడినట్టు ప్రకటించిన ఓటు ఒకే ఒక్కటి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేది విమర్శకులా, సమర్థకులా?

అపోహ: మదర్ థెరిసా ఆ పాలనను ఎదిరించారు.

ఎదిరించలేదు. ఆమె పుట్టింది ఇప్పటి ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో, అల్బేనియన్ కుటుంబంలో. తల్లి, అక్క టిరానాలో చిక్కుకుపోయారు. వాళ్ళను బయటికి పంపమని చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. తల్లి 1972లో, అక్క 1973లో పోయారు. ఆమెకు దేశంలో అడుగుపెట్టే అనుమతి 1989లో గానీ దొరకలేదు. అప్పుడు తల్లి సమాధితో పాటు హోజా సమాధి దగ్గరా పూలు ఉంచారు. దానికి చాలా విమర్శలు వచ్చాయి. క్షమించారని కొందరు, రాజీపడ్డారని కొందరు. తలుపులు తెరవాలంటే అంతకన్నా దారి లేదనుకున్నారేమోనని నాకనిపిస్తుంది, అది నా ఊహే.

అపోహ: గుళ్ళు తెరిచారు, ఫైళ్ళు తెరిచారు, ఇంక గొడవేముంది?

గుళ్ళను ఎవరూ పిలిచి తెరవలేదు. 1990 నవంబరులో సిమోన్ జుబాని అనే పాదిరి ష్కోడర్ శ్మశానంలో బహిరంగ పూజ చేశాడు. అదే నెలలో అదే ఊళ్ళో హాఫిజ్ సబ్రి కోచి నమాజు చేయించాడు. 1991 జనవరి 18న టిరానాలోని ఎథెమ్ బే మసీదులోకి అనుమతి లేకుండానే వేలమంది నడిచి వెళ్ళారు.

ఫైళ్ళది ఇంకా చిక్కు. రహస్య పోలీసు సంస్థ సిగురిమి ఫైళ్ళను చూసుకునే హక్కు బాధితులకు 2015 చట్టంతో గానీ రాలేదు. అంటే పాలన పడిపోయిన పాతికేళ్ళకు. అప్పటికే కొన్ని ఫైళ్ళు కాలిపోయాయి. మిగిలినవి చదివేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: ఫైలులో ఉన్నది పోలీసుకు కావలసిన సంగతి. ఇన్‌ఫార్మర్ అని పేరు పడినవాడు డబ్బుకు చెప్పాడా, జైల్లో ఉన్న తమ్ముడి కోసం చెప్పాడా, ఏదో ఒకటి చెప్పి పంపించేశాడా అన్నది కాగితం మీద ఉండదు. పేరు కనపడగానే ఫేస్‌బుక్‌లో పెట్టి ఊరేగించడం అక్కడా జరుగుతోంది. గోడకు కాగితం అంటించి జవాబు చెప్పమనడానికీ దీనికీ తేడా ఏమిటని అల్బేనియాలోనే కొందరు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు తేలిక కాదు.