పొగ వద్దని చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

1890ల్లో మన ఉత్తరాంధ్ర మీదుగా రైలు నడిచేనాటికే పొగ గురించి ఒక నిబంధన ఉంది. ప్రత్యేకంగా కేటాయించిన పెట్టెలో తప్ప, తోటి ప్రయాణికులు ఒప్పుకోకుండా పొగ తాగితే 20 రూపాయల దాకా జరిమానా అని 1890 రైల్వే చట్టం చెప్పింది. 1989 చట్టంలో అది 100 రూపాయలైంది. పెట్టెలో ఎవరైనా అభ్యంతరం చెబితే ఆపాలన్నారు. కానీ ఊరి మోతుబరి ఎదుటి సీట్లో కూర్చుని చుట్ట కాలుస్తుంటే, పలాస పాసింజర్‌లో కూలికి పోయే మనిషి వద్దనగలడా? భారమంతా పక్కవాడి పొగ పీల్చాల్సి వచ్చేవాడి నెత్తినే పెట్టారు.

జూట్ మిల్లుల్లో బీడీ వెలిగించనివ్వకపోవడం పాత సంగతే. అది నార అంటుకుంటుందన్న భయం, కార్మికుడి ఊపిరితిత్తుల మీద బెంగ కాదు.

పొగ చేసే హానికి రుజువు మాత్రం మన గడప దగ్గరే దొరికింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఎప్పటినుంచో ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి కాలుస్తారు. గాలికీ వానకీ ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆ వేడికి అంగిలి తెల్లగా మందమవుతుంది, ఎర్రటి చుక్కలు తేలతాయి, కొందరికి అది పుండై కేన్సర్‌గా ముదురుతుంది. కోస్తాంధ్రలో అంగిలి కేన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న సంబంధాన్ని 1957లోనే వైద్యులు పత్రికల్లో రాశారు. తర్వాత శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. వాళ్లలో దాదాపు 44 శాతం అడ్డపొగ తాగేవాళ్లే.

ఇంత తెలిసీ చేసిందేమిటి? 1975లో వచ్చిన కేంద్ర చట్టం సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక అచ్చువేయమంది, అంతే. చుట్టనూ బీడీనీ అది పట్టించుకోనేలేదు. మన పల్లెల్లో కాలేది అవే కదా! ఆ ఆడవాళ్ల అంగిళ్లు చూసి లెక్కలు రాసుకున్న దేశం, వాళ్లకు ఒక్క ముక్కైనా హెచ్చరిక చేరేలా చట్టం చేయకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కదలిక కోర్టుల నుంచి వచ్చింది. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం చట్టవిరుద్ధమంది. ముంబై కాంగ్రెస్ నేత మురళీ దేవరా వేసిన పిటిషన్‌పై 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆస్పత్రులు, బడులు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో నిషేధించమని ఆదేశించింది. 2003లో పార్లమెంటు చేసిన పొగాకు చట్టం చుట్టనూ బీడీనీ కూడా కలుపుకుంది.

అసలు మార్పు ఆ చట్టం కింద 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనలది. పని చేసే చోట్లు, హోటళ్లు, సినిమా హాళ్లు, క్యాంటీన్లు, బస్టాండ్లు పేరుపేరునా చేరాయి. కాల్చినవాడికి 200 రూపాయల దాకా జరిమానా. యజమాని గానీ మేనేజరు గానీ అక్కడెవరూ పొగ తాగకుండా చూడాలి, యాష్‌ట్రే, అగ్గిపెట్టె అందుబాటులో ఉంచకూడదు, బోర్డు పెట్టాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు బోర్డు మీద రాయాలి. ఫిర్యాదు వచ్చినా కదలకపోతే, అక్కడ ఎన్ని తప్పులు జరిగితే అన్నింటి జరిమానా ఆ బాధ్యుడే కట్టాలి. 1890 నుంచి నోరులేనివాడి మీదున్న బరువు అలా ఇన్‌ఛార్జి కుర్చీకి మారింది.

ఇక్కడి ఆఫీసుల్లో బోర్డులైతే వేలాడుతున్నాయి. చాలావాటి మీద ఆ పేరు రాయాల్సిన గీత ఖాళీగానే ఉంది. దాన్ని నింపమని అడిగే హక్కు ఇప్పుడు గుమాస్తాకీ ఉంది, పని మీద వచ్చిన రైతుకీ ఉంది.