అంగన్‌వాడీలో చదువు: అపోహలు - వాస్తవాలు

అంగన్‌వాడీ కార్యకర్తలకు పూర్వ ప్రాథమిక విద్యలో శిక్షణ ఇవ్వడం నా వృత్తి. తల్లిదండ్రుల నుంచి, కొన్నిసార్లు అధికారుల నుంచి కూడా తరచుగా వినిపించే మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: అంగన్‌వాడీ గుడ్డు, పాలు ఇచ్చే చోటు మాత్రమే.

వాస్తవం: 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం మొదలైన నాడే, దాని ఆరు సేవల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పూర్వ ప్రాథమిక విద్య ఒకటి.

అపోహ: కాన్వెంటులో ఎల్‌కేజీ పిల్లలు అక్షరాలు రాస్తుంటే, ఇక్కడ ఆటలతో కాలం గడుస్తోంది.

వాస్తవం: ఒక కేంద్రంలో నాలుగేళ్ల పాప ముందు చింతగింజలు రెండు వరుసలుగా ఉన్నాయి, ఒకటి దగ్గరగా, మరొకటి ఎడంగా పేర్చినది. ఏ వరుసలో ఎక్కువ గింజలున్నాయని కార్యకర్త అడిగితే, పాప ఎడంగా ఉన్న వరుసను చూపించింది. తప్పని చెప్పకుండా, ఒక్కో గింజకు ఎదురుగా మరో గింజను పెట్టి చూడమంది ఆమె. రెండు వరుసలూ సరిపోయేసరికి పాప కాసేపు చూసి, గింజలన్నీ చెదరగొట్టి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ మొదటి నుంచి పేర్చుకుంది. పలక మీద అంకెలు దిద్దడానికి ముందు రావలసిన గణితం ఇదే. అయితే దీనికి ఆ పాప పక్కన తీరికగా కూర్చునే పెద్దవారు ఒకరు ఉండాలి.

అపోహ: భవనానికి రంగులు వేసి, ఆటవస్తువులు కొనిస్తే సరిపోతుంది.

వాస్తవం: అవీ అవసరమే. కానీ వంట సరుకులు, బరువుల నమోదు, ఇంటింటి సందర్శనలు, కేంద్రం వివరాలు ఫోన్‌లో నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్, వీటన్నిటి మధ్య ఒక్క కార్యకర్తకు చదువు చెప్పే వ్యవధి ఎక్కడిది? తమిళనాడులో 640 కేంద్రాలను ఎంచుకుని, అందులో సగం కేంద్రాలలో కేవలం పూర్వ ప్రాథమిక విద్య కోసం అదనంగా ఒక కార్యకర్తను పూట పనికి నియమించి చూశారు. చదువుకు దక్కే సమయం రెట్టింపైంది, ఏడాదిన్నర తర్వాత పిల్లలు గణితంలోనూ భాషలోనూ స్పష్టంగా మెరుగయ్యారు, పాత కార్యకర్తకు పోషణ పనికి వెసులుబాటు దొరకడంతో తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది. అందుకే ప్రభుత్వం పెట్టే తొలి రూపాయి మనుషుల మీద పెట్టాలన్నది నా దృఢమైన అభిప్రాయం. 2018లో కేంద్రం కార్యకర్తకు నిర్ణయించిన నెల గౌరవ వేతనం 4,500 రూపాయలు. దానికి రాష్ట్రాలు తమ వంతు కలుపుతున్నా, పేరు మాత్రం ఇప్పటికీ జీతం కాదు, గౌరవ వేతనమే.

అపోహ: ఆరేళ్లు నిండేవరకు చదువు ఇంటి బాధ్యత, ప్రభుత్వానిది కాదు.

వాస్తవం: 2002 నాటి 86వ సవరణ తర్వాత రాజ్యాంగంలోని 45వ అధికరణ, ఆరేళ్లలోపు పిల్లలందరి సంరక్షణకూ విద్యకూ రాజ్యం కృషి చేయాలని చెబుతోంది. లోటు చట్టంలో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు హక్కు ఇచ్చి, మూడేళ్లు దాటిన పిల్లల విషయంలో ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని 11వ సెక్షన్‌లో వదిలేసింది. నిధుల కోసం అడిగిన ప్రతిసారీ మాకు అడ్డుపడుతున్నది ఆ ఒక్క మాటే.