పదకొండు ప్రశ్నలు చెప్పేదెంత?

బ్రెజిల్‌లోని పెలోటస్ అనే ఊళ్ళో 1993లో పుట్టిన పిల్లల్ని పరిశోధకులు ఏళ్ళ తరబడి వదలకుండా గమనిస్తూ వచ్చారు. వాళ్ళలో రెండు వేల పైచిలుకు మందికి 15వ ఏట సేకరించిన వివరాలతో, 18 ఏళ్ళకల్లా ఎవరికి డిప్రెషన్ వస్తుందో అంచనా వేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. రక్తపరీక్ష లేదు, మెదడు స్కాన్ లేదు. పదకొండు వివరాలు, అంతే. ఆడా మగా, ఒంటి రంగు, మత్తు పదార్థాల అలవాటు, బడిలో ఫెయిలవడం, ఒంటరితనం, కొట్లాటలు, ఇంట్లోంచి పారిపోవడం, చిన్నప్పుడు పడిన హింస. మిగిలిన మూడూ ఇవి: అమ్మతో ఎలా ఉంటావు, నాన్నతో ఎలా ఉంటావు, వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఎలా ఉంటారు.

ఆ ఆఖరి ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మార్కులు ఎన్నొచ్చాయని పిల్లల్ని రోజూ అడుగుతాం. ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకోకపోతే వాళ్ళకెంత టెన్షన్‌గా ఉంటుందో అడగం.

తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్ళలో ఒకరిని, రానివాళ్ళలో ఒకరిని తీసుకుంటే, ఈ పద్ధతి నూటికి 78 సార్లు సరైనవాళ్ళకే ఎక్కువ స్కోరు ఇచ్చింది. బొమ్మా బొరుసా వేసినా 50 సార్లు సరిపోతుంది కదా, ఆ లెక్కన మంచి ఫలితమే. బ్రిటన్, న్యూజిలాండ్ పిల్లల మీద మాత్రం అంత బాగా పనిచెయ్యలేదు. ఒక ఊరి జీవితంలోంచి పుట్టిన ప్రశ్నలు ఇంకో ఊరికి అలాగే అతకవు.

ఆత్మహత్య ముప్పును ముందే పసిగట్టడం ఇంకా కష్టం. 1983లో అలెక్స్ పోకోర్నీ ప్రచురించిన అమెరికా అధ్యయనం పెద్దవాళ్ళది, మాజీ సైనికులది. అయినా అందులోని లెక్క అందరికీ వర్తిస్తుంది. మానసిక చికిత్స కోసం చేరిన 4,800 మందిలో తర్వాతి ఏళ్ళలో 67 మంది ప్రాణం తీసుకున్నారు. అంచనా పద్ధతి ముప్పుందని చెప్పింది 1,241 మందికి. అందులో నిజమైంది 35 మంది విషయంలోనే. ప్రాణం తీసుకున్నవాళ్ళలో మిగతా 32 మందినీ ‘ఫర్వాలేదు’ అన్న గుంపులో వేసింది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ 32 మందే. 2017లో 365 అధ్యయనాలను కలిపి చూసినా, మన అంచనాలు బొమ్మా బొరుసా కంటే కాస్తే మెరుగని తేలింది. అదే ఏడాది 34 మంది యువత మెదడు స్కాన్లు చూసి, ఎవరికి ఆత్మహత్య ఆలోచనలున్నాయో నూటికి 91 వంతులు సరిగ్గా చెప్పామన్న పరిశోధన పత్రం ఒకటి వచ్చింది. పద్ధతి మీద అభ్యంతరాలు రావడంతో 2023లో దాన్ని వెనక్కి తీసుకున్నారు.

మరి ఏం చెయ్యాలి? యూరప్‌లో పది దేశాల్లోని 168 బడుల్లో, పదకొండు వేల మందికి పైగా పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. కొన్ని బడుల్లో ప్రశ్నపత్రాలతో ముప్పున్నవాళ్ళను ఏరి డాక్టర్ల దగ్గరికి పంపారు. ఇంకొన్నిట్లో ఎవరినీ ఏరకుండా క్లాసులో అందరితోనూ దిగులు గురించి మాట్లాడించారు, చిన్న చిన్న సన్నివేశాలు నటింపజేశారు. ఏడాది తర్వాత చూస్తే, పోస్టర్లు మాత్రమే అంటించిన బడులతో పోలిస్తే, మాట్లాడించిన చోట ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగమే. ఏరిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఆత్మహత్య గురించి అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని చాలామంది తల్లిదండ్రులు జంకుతారు. న్యూయార్క్‌లో 2,342 మంది హైస్కూలు పిల్లల మీద దీన్నే పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. అడగని పిల్లలతో పోలిస్తే, అడిగినవాళ్ళలో రెండు రోజుల తర్వాత దిగులు గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకైతే, అడిగాక కాస్త తేలికపడినట్టు కనిపించింది.

కాబట్టి పిల్ల ముభావంగా ఉంటే పక్కన కూర్చుని, ‘బతకాలనిపించడం లేదా అమ్మా?’ అని సూటిగా అడగవచ్చు. అవునంటే తిట్టకుండా, ఒట్లు వేయించుకోకుండా, పూర్తిగా వినాలి. ఒంటరిగా వదలకుండా అప్పుడే 14416కి ఫోన్ చెయ్యవచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.