పారాషూట్ కరిగిపోకుండా: మోడల్ రాకెట్లకు చవకైన వాడింగ్

మోడల్ రాకెట్ మోటారు మీద ‘సి6-5’ అని ఉంటే, చివరి 5కి అర్థం ఇది: ఇంధనం కాలిపోయాక రాకెట్ సుమారు 5 సెకన్లు తన ఊపుతోనే సాగుతుంది, ఆ తర్వాత మోటారు పై కొసన ఉన్న ఎజెక్షన్ చార్జ్ అంటుకుంటుంది. అది కొద్దిపాటి తుపాకీ మందు. దాని నుంచి పుట్టిన వేడి వాయువులు గొట్టంలో పైకి తన్నుకొచ్చి, రాకెట్ మొనకు ఉండే టోపీని (నోస్ కోన్) ఊడదీసి, పారాషూట్‌ని బయటికి నెడతాయి. చిన్న రాకెట్లలో ఆ పారాషూట్ చాలాసార్లు పల్చటి పాలిథీన్‌దే. 100 డిగ్రీల సెల్సియస్ దాటి కాస్త పైకి వెళ్తే చాలు, మామూలు పాలిథీన్ కరుగుతుంది. తుపాకీ మందు మంట వేడేమో వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది. ఈ రెండింటి మధ్య అడ్డుగా కూరే మెత్తటి పదార్థమే రికవరీ వాడింగ్.

వాయువు పారాషూట్‌ని తాకేది రెప్పపాటు కాలమే, పైగా వ్యాకోచిస్తూ చల్లబడుతుంది. అసలు నష్టం చేసేవి దాంతోపాటు ఎగిరొచ్చే, ఇంకా మండుతున్న రవ్వలు. ఒక్క రవ్వ మడతల్లో అంటుకుంటే నాలుగైదు పొరలు కలిసి కరిగి ముద్దయిపోతాయి, పారాషూట్ ఇక విచ్చుకోదు. వాడింగ్ మొదటి పని ఆ రవ్వల్ని పట్టుకోవడం. రెండో పని సిరంజిలో పిస్టన్ చేసే పని లాంటిది: వాయువు పక్కల నుంచి జారిపోకుండా ఆపి, మొత్తం సరంజామాని ఒక్కసారిగా ముందుకు తోయాలి. అందుకే గొట్టం వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల ఎత్తు వరకు వదులుగా నింపమంటారు. దట్టించి కూరితే వాయువు దాన్ని కదిలించలేక మోటారునే వెనక్కి తన్నేయవచ్చు. మరీ తక్కువైతే రవ్వలు దారి చేసుకుని పైకొస్తాయి.

మూడో పని నేల మీద మొదలవుతుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. వాడింగ్ గాలిలో చెల్లాచెదురై ఎక్కడో ఎండుగడ్డి మీద పడుతుంది. అది రాజుకుంటూ పడిందా, మైదానమే అంటుకుంటుంది. 1957లో అమెరికాలో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళిలో, మంటను తట్టుకునే వాడింగ్ మాత్రమే వాడాలన్న షరతు ఉన్నది ఇందుకే. మామూలు టిష్యూ కాగితం, దూది చవకే. కానీ డబ్బు ఎంత మిగిలినా వాటిని రాకెట్లో పెట్టకూడదు.

కాగితం, దూది, రెండూ సెల్యులోజే. సెల్యులోజ్ రెండు రకాలుగా కాలుతుంది. ఒకటి మంటతో. రెండోది మంట లేకుండా, లోలోపల ఎర్రగా రాజుకుంటూ. ఈ రెండోది కంటికి సరిగా కనపడదు కాబట్టి మరీ ప్రమాదం. దీనికి విరుగుడు వెతకడం రాకెట్లకంటే చాలా పాత కథ. 1735లోనే ఇంగ్లండ్‌లో ఒబడయా వైల్డ్ పటిక, వెలిగారం (బోరాక్స్) కలిసిన మిశ్రమంతో బట్టా కాగితమూ మంటను తట్టుకునేలా చేయడానికి పేటెంట్ తీసుకున్నాడు. 1821లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్, నాటకశాలల తెరలు అంటుకోకుండా అమ్మోనియం లవణాలు, వెలిగారం కలిపి పరీక్షించాడు. వెలిగారం మంట పాకకుండా బాగా ఆపుతుంది, కానీ రాజుకోవడాన్ని అంతగా ఆపలేదు. ఆ పని బోరిక్ యాసిడ్ చేస్తుంది. వేడెక్కినప్పుడు దాని నుంచి నీటి ఆవిరి వెలువడి, పైన గాజులాంటి పొర ఏర్పడుతుంది. రెండూ కలిపి వాడడంలోని కిటుకు ఇదే.

చవకైన వాడింగ్‌లలో నేను ముందు వరసలో పెట్టేది ఇళ్ల గోడల్లో, అటకల్లో వేడి, చలి ఆపడానికి నింపే సెల్యులోజ్ ఇన్సులేషన్. పాత వార్తాపత్రికల్ని పీచులా చించి బోరేట్లు (వెలిగారం, బోరిక్ యాసిడ్ లాంటివి) పట్టించిన సరుకు అది. ఒక్క మూట ఏళ్ల తరబడి వస్తుంది. చిటికెల లెక్కన తీసి గొట్టంలో జారవిడిస్తే చాలు, ఏ వ్యాసానికైనా సర్దుకుంటుంది. కొన్ని రకాల్లో బోరేట్లకు బదులు అమ్మోనియం సల్ఫేట్ ఉంటుంది, అది లోహాన్ని తినేస్తుంది. కొనేముందు మూట మీద చూసుకోవాలి. పీచు దుమ్ము రేపుతుంది కాబట్టి మాస్కు పెట్టుకోండి. గాజు పీచు ఇన్సులేషన్ మాత్రం వద్దు. కాలదన్న మాట నిజమే, కానీ గాలిలో చెదిరి కళ్లకీ చర్మానికీ గుచ్చుకుంటుంది.

మూట దొరకని చోట క్రేప్ కాగితానికి మీరే మందు పట్టించవచ్చు. లీటరు వేడినీళ్లలో సుమారు 100 గ్రాముల వెలిగారం, 45 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, కాగితాన్ని ముంచి లేదా స్ప్రే చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. టిష్యూ అయితే ముంచగానే చిరిగిపోతుంది, స్ప్రేయే మేలు. ఈ రెండూ కడుపులోకి వెళ్తే హాని చేస్తాయి, అందుకని చేతికి గ్లోవ్స్ వేసుకోవాలి, వంటపాత్రలు వాడకూడదు, పిల్లలకు అందనీయకూడదు. పెద్దవాళ్లెవరైనా ఆరుబయట ఒక ముక్కను పటకారుతో పట్టుకుని వెలిగించి చూడాలి. మంట తీసేయగానే ఆరిపోవాలి, అంచున ఎర్రటి గీత పాకకూడదు. ఎర్రగా పాకుతూ ఉంటే ఆ మొత్తం కాగితాన్నీ పక్కన పడేయండి. వానలో తడిసిన వాడింగ్‌ని కూడా నమ్మొద్దు, లవణాలు నీటితో కొట్టుకుపోతాయి.

మైదానంలో వాడింగ్ అయిపోతే పచ్చటి లెట్యూస్ ఆకులు కుక్కేవాళ్లున్నారు. ఆకులోని నీరే వేడిని పీల్చుకుంటుంది కాబట్టి ఆ ఒక్క ఎగురవేతకు పనికొస్తుంది.

తరచూ ఎగరేసేవాళ్లకు, మంటను తట్టుకునే, మళ్లీ మళ్లీ వాడుకోగల నోమెక్స్ గుడ్డే చివరికి చవక పడుతుంది. ఈ అరామిడ్ పీచు కరగదు, బాగా వేడెక్కితే మాడి బొగ్గవుతుందంతే. పారాషూట్‌ని అందులో పూర్తిగా చుట్టాలి, లేకపోతే అంచుల పక్కనుంచి రవ్వలు దూరుతాయి. సన్నటి గొట్టాల్లో ఈ గుడ్డ లావుగా ఉండి ఇరుక్కుంటుంది, అక్కడ పీచే నయం. పెద్ద గొట్టాల్లో బాఫిల్ అమర్చుకోవచ్చు: ఎదురెదురుగా రాని రంధ్రాలున్న రెండు పలకలు. వాయువు వంపు తిరిగి వెళ్లిపోతుంది, బరువైన రవ్వలు తిరగలేక పలకకు కొట్టుకుని ఆగుతాయి. మసి పేరుకుంటుంది కనుక అప్పుడప్పుడూ దులపాలి.

ఏది వాడినా, రాకెట్ దిగాక పారాషూట్‌ని వెలుతురుకెదురుగా పట్టి చూడండి. సూదిబెజ్జాలు, ముడుచుకున్న అంచులు కనిపిస్తే తర్వాతిసారి మరో చిటికెడు పీచు వేయాలి. నోస్ కోన్‌ని గొట్టానికి కట్టి ఉంచే రబ్బరు తాడు (షాక్ కార్డ్) మోటారు వైపు కొస కూడా తడిమి చూడండి. అక్కడ పెళుసుబారి ఉంటే, ఆ భాగం వరకు వేడిని తట్టుకునే కెవ్లార్ దారం కట్టుకోవడం మంచిది.